నీళ్లు ఇంకినాక నేల ఎవరిది?

సముద్రం లేని కనగానపల్లిలోనూ తీరం తగాదా ఉంది

కనగానపల్లి నుంచి బంగాళాఖాతం దాకా తిన్నగా గీత గీసినా 250 కిలోమీటర్లకు తక్కువ ఉండదు. ఇక్కడ రచ్చబండ మీద కూర్చుని సముద్ర తీరం ఎవరిది, అక్కడ ఎవరు తిరగొచ్చు, ఎవరు గోడ కట్టుకోవచ్చు అని చర్చ పెడితే, "మనకెందుకప్పా ఆ గొడవ" అని లేచిపోతారు. 1905లో మద్రాసు ప్రభుత్వం చేసిన భూ ఆక్రమణల చట్టం మాత్రం అలా అనుకోలేదు. ఏవేవి సర్కారు ఆస్తో చెప్పే రెండో సెక్షన్‌లో ఒక పొడవాటి జాబితా ఉంది. బాటలు, సందులు, వంతెనలు, బాట పక్క గట్లు. పోటు నీరు తాకే గీతకు దిగువనున్న సముద్ర గర్భం. నదులు, వాగులు, చెరువుల గర్భం. నిలిచిన నీళ్లు, పారే నీళ్లు. ఇవన్నీ ఒకే వాక్యంలో ఉన్నాయి. అనంతపురం జిల్లా అప్పట్లో మద్రాసు రాజధానిలోదే కాబట్టి ఆ చట్టం ఇక్కడికీ వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. చెరువులో చొరబడినవాడికి తహసీల్దారు ఏడో సెక్షన్ కింద నోటీసు, ఆరో సెక్షన్ కింద ఖాళీ చేయమనే ఉత్తర్వు ఇచ్చేది దాని బలంతోనే.

చట్టం లెక్కలో విశాఖ రుషికొండ ఇసుకా, కనగానపల్లి చెరువు ఒండ్రూ అన్నదమ్ములే. విశాఖలో తగాదా పడితే టీవీ బండ్లు వస్తాయి. కనగానపల్లిలో పడితే వీఆర్వో వస్తాడు, అదీ వీలు దొరికితే. తేడా అంతవరకే.

సముద్రానికి ఒక సౌకర్యం ఉంది. రోజూ పోటెత్తి, తన హద్దు ఎక్కడిదాకానో తానే చూపించి వెనక్కి పోతుంది. మా చెరువులకు ఆ వీలు లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. ఆ వాన కూడా సెప్టెంబరు, అక్టోబరుల్లో నాలుగు రోజులు కుమ్మరించి, మిగతా కాలమంతా ముఖం చాటేస్తుంది. చెరువు నిండటం ఏటా జరిగే ముచ్చట కాదు. వరసగా కరువులు పడితే కంపచెట్లు మొలిచి, నెర్రెలిచ్చి, మేకల బయలులా పడుంటుంది. ఆ కరువు ఏళ్లలో పుట్టిన పిల్లవాడికి అది చెరువని తాత చెబితే తప్ప తెలియదు. తెలియని చోట గట్టు లేస్తుంది, గట్టు లేచిన చోట బోరు పడుతుంది, బోరు పడ్డ చోట కరెంటు కనెక్షన్ వస్తుంది. పదేళ్ల తర్వాత కరెంటు బిల్లే దస్తావేజుగా చేతిలో పట్టుకుని "ఇది మా నాయన కాలం నుంచి మాదే" అంటారు. అబద్ధమాడుతున్నామని వాళ్లకూ అనిపించదు. వాళ్లు చూసింది ఎండిన నేలనే.

చెరువు లోపలి సేద్యం గురించి ఊరికే దొంగతనమన్నట్టు మాట్లాడేవాళ్లు దాన్ని దగ్గర నుంచి చూసి ఉండరు. నీళ్లు దిగేకొద్దీ కట్టకు ఎదురు దిక్కున, వంకలు వచ్చి కలిసే వైపున నేల ముందు బయటపడుతుంది. బురద పూర్తిగా గట్టిపడకముందే, మడమ దిగేంత పదును ఉన్నప్పుడే జొన్నో, శనగో, ధనియాలో వేయాలి. నాలుగు రోజులు ఆలస్యమైతే పైన పెచ్చు కడుతుంది, గింజ మొలవదు. తొందరపడితే ఎద్దులు దిగబడతాయి. వేళ చూసి వేస్తే పైవాన అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు. మంచు తాగి, అడుగు తేమ తాగి పంట వస్తుంది. కట్ట కింద మడి ఎండిపోయిన ఏడు కూడా చెరువు లోపల శనగ నాలుగు గింజలిస్తుంది. కరువు సీమలో పేదవాడు ఈ నేల మీద ఆశ పెట్టుకోవడంలో వింత లేదు. ప్రభుత్వాలు కూడా ఒకప్పుడు ఏడాదికని కౌలుకిచ్చి, శిస్తు కట్టించుకున్నాయి. ఏక్‌సాలు పట్టా అనేవాళ్లు. ఒక ఏడుకు ఇచ్చింది నలభై ఏళ్లు వెనక్కి తీసుకోకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

తగాదా కరువులో రాదు. చెరువు నిండినప్పుడే వస్తుంది.

"మరువ మీద ఇంగో అడుగు నిలబెట్టండప్పా, రెండో కారుకు సాలుతాయి," అంటాడు కట్ట కింద రైతు.

"నీ కారు సరే, నా శనగ మునుగుతాదే! తూము ఎత్తండి," అంటాడు మునకలో విత్తినవాడు.

"చెర్లో ఏసింది మునగక యాడికి పోతాది మామా?"

"శిస్తు గట్టినా నేను. ఊరికే ఏసినానా?"

ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, తరచూ ఒకే కులంవాళ్లు, ఒక్కోసారి వియ్యంకులు. ఒకరికి చెరువంటే నీళ్లు, ఇంకొకరికి నేల. పాత మరువల మీద, అంటే చెరువు మిగులు నీళ్లు పొర్లిపోయే చోట, మోకాలెత్తు రాళ్లు వరసగా నిలబెట్టి ఉండటం చాలామంది చూసే ఉంటారు. వాటి సందుల్లో గరిక గడ్డలు, మట్టి కూరితే చెరువులో ఇంకో అడుగో అడుగున్నరో నీళ్లు నిలుస్తాయి. కుండపోత వాన వచ్చే సూచన కనబడగానే ఆ గడ్డలు పీకేయాలి, లేకపోతే కట్టకు ముప్పు. గడ్డలు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి అన్న అధికారం నీరుగంటిది. అతనికి ఈనాం భూమి ఉండేది, కారుకు ఇన్ని సేర్లని గింజలు కొలిచేవాళ్లు. ఈనాం పోయింది, గింజలు పోయాయి, నీరుగంటి కొడుకు బెంగళూరులో సెక్యూరిటీ గార్డయ్యాడు. ఇప్పుడు మరువ మీద గడ్డకు బదులు ఇసుక మూటలు పడుతున్నాయి. రాత్రి ఒకరు పెడతారు, తెల్లారేసరికి ఇంకొకరు తీసేస్తారు. 1997లో సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం వచ్చి నీటి సంఘాలు పెట్టింది. సంఘాల్లో ఓటు ఆయకట్టు రైతులకే. మునకలో విత్తేవాడు, చెరువులో గొర్రెలు కడిగే కురుబ, రేవు బండ మీద ఉతికే చాకలి, కుండకు బంకమన్ను తీసే కుమ్మరి, చేపల సొసైటీవాళ్లు ఆ ఓటర్లలో లేరు. తీరానికి ఇంతమంది హక్కుదారులుంటే, ఓటు ఒక్క వర్గానికి ఇచ్చి దాన్ని రైతుల యాజమాన్యమన్నారు. ఆయకట్టుకు ఓటిచ్చి తీరాన్ని మరిచిపోయిన చట్టమనే నేనంటాను.

మన పెద్దలకు ఈ గొడవలు తెలియనివి కావు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూర చెరువు తవ్వించి వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులో రాసి ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు చెప్పాక, ఉండకూడని దోషాలు ఆరు చెబుతుంది. కట్ట కారడం, చవుడు నేల కావడం, నీళ్లు చాలక ఆయకట్టు ఎక్కువవడం, అన్నీ ఇంజనీరు మాటలే. వాటి మధ్యలో ఒక దోషం మాత్రం నేలకు, నీటికి సంబంధం లేనిది. చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండకూడదట. కట్ట ఎంత గట్టిగా ఉన్నా, ఒడ్డు ఎవరిదో తేలకపోతే చెరువు నిలవదని ఆ శాసనం రాయించినవాళ్లకు 650 ఏళ్ల కిందటే తెలుసు. పెనుకొండకు నీళ్లు తెచ్చిన 1388 నాటి కాలువ శాసనం కూడా ఆ కాలానిదే. పెనుకొండ ఏలుతున్న ప్రతాప బుక్కరాయలు జలసూత్రం తెలిసిన సింగయభట్టును పిలిచి, పెన్న నీళ్లను సిరువేర చెరువు మీదుగా పెనుకొండకు పారించమన్నాడు. ఈ సీమలో రాజ్యమంటే ముందు నీళ్లు పారించే పని. పన్ను ఆ తర్వాతి మాట.

ఇక కనగానపల్లికి వద్దాం. 2024 అక్టోబరు 21, 22 తేదీల్లో కురిసిన వానకు కనగానపల్లి చెరువు కట్ట తెగింది. ఆ నీళ్లు పండమేరు వాగులో పడి అనంతపురం శివార్లకు చేరాయి. వాగు పక్కన లేచిన కాలనీల్లోకి తెల్లవారేసరికి వరద వచ్చింది. మిద్దెల మీదకు ఎక్కినవాళ్లను తాళ్లు కట్టి దించారు. బండ్లు, బీరువాలు, బియ్యం మూటలు కొట్టుకుపోయాయి. మునిగినవాటిలో ప్రభుత్వమే పేదలకిచ్చిన ఇళ్ల కాలనీ కూడా ఉంది. కాబట్టి "ఆక్రమించుకున్నారు, అనుభవించారు" అని చేతులు దులుపుకోవడానికి లేదు. వాగు ఒడ్డున పట్టా చేతికిచ్చి ఇల్లు కట్టుకోమన్నది సర్కారు.

పండమేరు అంటే అనంతపురం ఊరికి తల్లి లాంటిది. 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు ఈ వాగుకు అడ్డంగానే కట్ట వేయించాడు. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, ఇంకో కొసన అనంతసాగరం లేచాయి. అనంతసాగరమే నేటి అనంతపురం. ఆ కట్ట తెగబోతే అడ్డుపడి ప్రాణమిచ్చిన కోడలు ముసలమ్మ కథ ఇప్పటికీ బుక్కరాయసముద్రంలో చెబుతారు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యం రాసింది ఆమె మీదనే. ఎగువన కనగానపల్లి చెరువు తెగితే దిగువన అనంతపురం తడవడం అనుకోకుండా జరిగింది కాదు. నీళ్లు వచ్చిన దోవ పాతదే, దోవలో నిలబడినవి మాత్రం కొత్తవి.

ఈ నేల సర్కారుదని చట్టమే చెబితే, సర్కారు దాన్ని ఎవరికైనా ఇవ్వొచ్చు కదా, అమ్ముకోవచ్చు కదా? అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు రాయలసీమ నుంచే వెళ్లి ఢిల్లీలో తేలింది.

తిరుపతి పక్కన అవిలాల, పేరూరు అని రెండు పాత చెరువులు. (ఈ పేరూరు వేరు, మన రామగిరి మండలంలో పెన్న మీద డ్యామున్న పేరూరు వేరు.) పేరూరు చెరువు నేలను 1991లో తిరుమల తిరుపతి దేవస్థానానికి, అవిలాల చెరువు పోరంబోకును 1994లో తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థకు ఇళ్ల కోసం ప్రభుత్వం ఇచ్చింది. తిరుపతి ఇంటలెక్చువల్స్ ఫోరం హైకోర్టుకెక్కి ఓడి, సుప్రీంకోర్టుకెళ్లింది. 2006 ఫిబ్రవరి 23న జస్టిస్ రుమా పాల్, జస్టిస్ ఏఆర్ లక్ష్మణన్ ఇచ్చిన తీర్పు సారం ఇది: చెరువుకు సర్కారు ధర్మకర్త మాత్రమే. గుడి మాన్యం ధర్మకర్త చేతిలో ఉన్నంత మాత్రాన అతను తన బామ్మర్దికి రాసివ్వలేడు. చెరువు సంగతీ అంతే. అప్పటికే లేచిన ఇళ్లను పడగొట్టమని కోర్టు చెప్పలేదు. పేరూరు చెరువులో కొత్తగా కట్టొద్దని, చెరువులోకి నీళ్లు తెచ్చే వంకను బాగుచేయాలని షరతులు పెట్టింది. గెలుపూ కాదు, ఓటమీ కాదు. ఆనాటి నుంచి దేశంలో ఎక్కడ చెరువు తగాదా కోర్టుకెక్కినా వకీళ్లు ఈ తిరుపతి కేసు పేరెత్తకుండా వాదన ముగించరు.

ఈ ధర్మకర్త సూత్రానికి మూలాలు వెతికితే చాలా దూరం పోవాలి. గాలి, పారే నీరు, సముద్రం, సముద్రపు ఒడ్డు అందరివీ అని ఆరో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి జస్టీనియన్ రాయించిన న్యాయసూత్రాల్లో ఉంది. అమెరికాలో ఇల్లినాయ్ ప్రభుత్వం 1869లో షికాగో ఊరి ముందున్న మిషిగన్ సరస్సు అడుగు నేలను ఒక రైలు కంపెనీకి రాసిచ్చి, నాలుగేళ్లకే నాలుక కరుచుకుని రద్దు చేసింది. తగాదా కోర్టుకెక్కితే, అలా రాసివ్వడానికి మీకు అధికారమే లేదని 1892లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మన సుప్రీంకోర్టు 1996లో హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక హోటలు తన వైపు నది రాకుండా నది దారినే మళ్లించిన కేసులో ఈ మాటలన్నీ తెచ్చుకుంది. షికాగోలో అది సరస్సు ఒడ్డు, సముద్రం కాదు. సూత్రం మంచినీటి ఒడ్డు మీద కూడా నిలబడుతుందని చెప్పడానికే ఈ కథ తెచ్చాను.

సముద్రం వైపు చట్టాలు ఇంకా చిక్కగా ఉన్నాయి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరి 19న మొదటి తీర ప్రాంత నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా నేలను నియంత్రణలోకి తెచ్చి, ఊళ్లు పెద్దగా లేని తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలు వద్దన్నాయి. 2011లో మార్చారు, 2019 జనవరిలో మళ్లీ మార్చారు. మారుతూ మారుతూ గీత సముద్రం వైపు జరిగింది. ఇప్పుడు జనసాంద్రత ఎక్కువున్న పల్లె తీరాల్లో ఆ 200 మీటర్లు 50 అయ్యాయి. రుషికొండ తీరానికి 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో మనిషికి 20 రూపాయల టికెట్ పెడతామని పర్యాటక శాఖ ప్రకటిస్తే విశాఖ జనం భగ్గుమన్నారు. సముద్రం చూడ్డానికి టికెట్టేమిటని ఊరంతా అడిగేసరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని ఆ గుర్తింపు కొద్దికాలం నిలిచిపోయి, మళ్లీ వచ్చింది. శుభ్రతకు డబ్బు కావాలి, నిజమే. అయితే వల ఆరేసుకునే జాలరి, మొక్కజొన్న పొత్తులు కాల్చే అమ్మాయి, సాయంత్రం గాలికి వచ్చే కూలి కుటుంబం టికెట్ దగ్గర ఆగిపోతే, శుభ్రమైన తీరం ఎవరి కోసమన్న ప్రశ్న మిగులుతుంది. 20 రూపాయలు పెద్ద మొత్తం కాకపోవచ్చు, గేటు పెట్టడమే పెద్ద సంగతి. గేటంటూ పడ్డాక టికెట్ ధర పెంచడం ఒక్క సంతకం పని.

గేటు ఏం చేయగలదో గోవా చూసింది. వైంగినిమ్ తీరానికి పోయే పాత దోవ మీద ఒక పెద్ద హోటలు కట్టడం లేచింది. జనం దోవ జనానికి ఇవ్వాలని, అడ్డొచ్చిన భాగం తీసేయాలని 2009 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కట్టడాన్ని కాపాడటానికి గోవా ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ధర్మకర్త ఎవరి పక్షమో అక్కడ దాపరికం లేకుండా తేలిపోయింది. కాలిఫోర్నియాలో ఇంకో రకం. భారత సంతతి కోటీశ్వరుడు వినోద్ ఖోస్లా 2008లో మార్టిన్స్ బీచి పక్కన భూమి కొని, తర్వాత దోవకు తాళం వేయించాడు. తడి ఇసుక జనానిదే, కానీ ఆ ఇసుక మీదికి పోయే బాట ఆయనది. ఆ తాళం మీద కోర్టుల్లో నడిచిన వ్యాజ్యాలకు లెక్క లేదు. అందరిదైన తీరాన్ని చట్టం ఎత్తుకుపోనివ్వదు, కానీ దానికి పోయే దోవను ఎవరైనా మూసేయొచ్చు. మా వైపు చెరువులకూ పట్టే జబ్బు ఇదే. చెరువు చెరువుగానే ఉంటుంది, రేవుకు పోయే బండ్ల బాట మాత్రం ఎవరి దానిమ్మ తోటలోనో కలిసిపోయి ఉంటుంది. గొర్రెల మందను నీళ్లకు తోలుకుపోవాలంటే కంచె చుట్టూ అరగంట నడవాలి.

1905 చట్టంలోని ఆ రెండో సెక్షన్‌కు ఒక తోక ఉంది. ఆ మాట నోటీసుల్లో ఎక్కడా కనపడదు. ఇవన్నీ సర్కారు ఆస్తులే గానీ, జనానికి ఉన్న దారి హక్కులకు, వాడుకగా వస్తున్న హక్కులకు లోబడే అని చట్టం అక్కడే రాసింది. సర్కారు చేతికి ఒక కొస, గొర్రెల కాపరి చేతికి ఇంకో కొస ఇచ్చిన తాడు అది. సర్కారు తన కొస పట్టుకుని లాగుతుంది. కాపరికి తన చేతిలోనూ ఒక కొస ఉందని చెప్పినవాళ్లు లేరు.

కట్టడాల సంగతికొస్తే, 2017 ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు లెక్క స్పష్టంగా చెప్పాయి. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువైతే నిండు నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు వదలాలి, చిన్న కుంటైతే 9 మీటర్లు. వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే దాని ఒడ్డున కూడా 9 మీటర్లు. సముద్రానికి పోటు గీత ఎలాగో చెరువుకు ఈ నిండు గీత అలాగ. ఇంజనీర్లు ఎఫ్‌టీఎల్ అంటారు. చిక్కల్లా ఏమిటంటే ఆ గీత కాగితం మీద ఉంటుంది, నేల మీద ఉండదు. రాళ్లు పాతించిన చోట కూడా రాళ్లకు కాళ్లొస్తాయి. హైదరాబాదులో 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ బుల్డోజర్లు కదిలినప్పుడు రచ్చంతా ఈ గీత చుట్టూనే. గీత ఎప్పుడు గీశారు, ఎవరు గీశారు, అనుమతి ఇచ్చిన అధికారికి గీత కనపడలేదా అని ఇళ్లు పోయినవాళ్లు అడిగారు. వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. ఇల్లు పోయినవాడి ఏడుపుతో పాటు, అనుమతి మీద సంతకం పెట్టినవాడి పేరు కూడా పేపర్లో రావాలి.

నా లెక్కలో చెరువులో విత్తేవాడూ, చెరువులో ప్లాట్లు వేసేవాడూ ఒకటి కాదు. విత్తేవాడు నీళ్లొస్తే వెనక్కి జరుగుతాడు, తిట్టుకుంటూనైనా జరుగుతాడు. మట్టి తోలి, రోడ్లు పోసి, కరెంటు స్తంభాలు పాతి అమ్మేవాడు నీళ్లనే వెనక్కి జరపాలంటాడు. వేరుశనగ ఎండిన ఏడు మునకలో నాలుగు పాళ్ల శనగ వేసుకున్న డీకేటీ (సర్కారు పేదలకిచ్చే భూమి) పట్టాదారు మీద ఆరో సెక్షన్ ప్రయోగించి, కట్ట పక్కనే లేచిన వెంచరు ఆర్చీకి రిబ్బను కత్తిరించడం ఈ సీమలో కొత్త కాదు. ఇద్దరికీ ఒకే శిక్ష అంటే సమానత్వంలా వినిపిస్తుంది. నాకు మాత్రం అది సోమరితనం.

పెద్దలు దిగిన తగాదా ఎలా ఉంటుందో ధర్మవరం చూసింది. చెరువును ఆనుకుని ఉన్న ఎర్రగుట్ట మీది తోట, కట్టడాలు ఎవరివన్న గొడవ 2023లో పాదయాత్ర ప్రసంగాల దాకా పోయింది. సర్కారు నేల కాజేశారని ప్రతిపక్షం ఆరోపించింది. రైతుల దగ్గర కొన్నామని అప్పటి ఎమ్మెల్యే జవాబిచ్చారు. ఎవరిది నిజమో తేల్చాల్సింది సర్వే రాళ్లు, దస్త్రాలు. తేలేలోపు రెండు ఎన్నికలు వస్తాయి. ధర్మవరంలో మగ్గం నేసేవాడికి ఆ గుట్ట ఎవరిదన్నది వినోదం. చెరువు మరువ ఎటు పారుతుందన్నది మాత్రం అతని ఇంటి గడప సంగతి.

ఈ మధ్య ఇంకో మలుపు వచ్చింది. హంద్రీ-నీవా. శ్రీశైలం వెనక జలాలను మల్యాల నుంచి ఎత్తిపోస్తూ తెస్తున్న కృష్ణ నీళ్లు 2012లో జీడిపల్లి చేరాయి, 2016 డిసెంబరులో పెనుకొండ పక్కన గొల్లపల్లి రిజర్వాయరుకొచ్చాయి. ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ తాగేది ఆ గొల్లపల్లి నీళ్లే. కాలువకు అందే చెరువులను నింపడం మొదలయ్యాక తీరం లెక్కే మారిపోయింది. వానతో సంబంధం లేకుండా మార్చిలో, ఏప్రిల్లో చెరువు నిండుతోంది. పదేళ్లకోసారి వచ్చే పోటు ఏటా వస్తోంది, ఇంజనీరు గేటెత్తిన రోజున వస్తోంది. బోర్లు లేచాయి, ఆయకట్టు నవ్వింది, చేపల పాట ధర పెరిగింది. మునకలో విత్తేవాడికి మాత్రం ఎప్పుడు విత్తాలో తెలియడం లేదు. వానను చూసి నీళ్లను అంచనా వేసేవాడు, ఇప్పుడు గేటు ఎవరు ఎత్తుతారో చూడాలి. మరువ దగ్గర పెట్టుకునే తగాదా కాస్తా ఎమ్మెల్యే ఇంటి ముందుకు చేరింది. "మా చెరువుకు ముందా, వాళ్ల చెరువుకు ముందా" అని ఊరూ ఊరూ కొట్లాడుకునే రోజులొచ్చాయి. పోరుమామిళ్ల శాసనకర్త బతికుంటే ఏడో దోషంగా దీన్ని చేర్చేవాడేమో.

చేపల సంగతి కూడా చెప్పుకోవాలి. చెరువులో చేపల హక్కును సొసైటీకో, పాటలో గెలిచినవాడికో ఇస్తారు. పాట పాడినవాడికి చెరువు అడుగంటకూడదు. కట్ట కింద రైతుకు చివరి తడి దాకా నీళ్లు కావాలి. మే నెలలో తూము దగ్గర ఒకరు కూర్చుంటే, మోటారు పెట్టి తోడేవాణ్ని తరుముతూ ఇంకొకరు. పాట సొమ్ము పంచాయతీకా, గుడికా, చేపల శాఖకా అన్నది మళ్లీ వేరే పంచాయితీ. గంగమ్మ జాతరకు పాటదారు పొట్టేలు ఇవ్వాలన్న కట్టుబాటు కొన్ని ఊళ్లలో ఉంది. రాతకోతలు లేని ఈ ఒప్పందమే అన్నిటికన్నా బాగా నడుస్తోంది.

ఇల్లు కొనాలనో, ప్లాటు కొనాలనో చూస్తున్నవాళ్లకు నాలుగు మాటలు. లింకు డాక్యుమెంట్లు చూసి ఆగిపోవద్దు. రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో చూడండి. అందులో లేదని ధీమా వద్దు, డీకేటీ పట్టాలు చేతులు మారి జాబితా లోంచి జారిపోయిన కథలు చాలా ఉన్నాయి. రెవెన్యూ ఆఫీసులో పాత డైగ్లాట్ రిజిస్టరు తీయించండి. ఆ నంబరుకు ఎదురుగా చెరువు పోరంబోకనో, వాగు పోరంబోకనో ఉంటే ఇక మాట్లాడాల్సింది లేదు. ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పటంలో వంక గీత ఎటు పోతుందో చూసి, ప్లాటు మీద నిలబడి ఆ దిక్కు చూడండి. మండల సర్వేయరు కొలిచాక, ఊళ్లో నీరుగంటి కుటుంబం ఎవరిదో కనుక్కుని వాళ్లనూ తీసుకుపొండి. 2024లో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో వాళ్లు కాలితో గీసి చూపిస్తారు. ఆ గీతకు నీళ్ల వైపు ప్లాటు ఉంటే, అడ్వాన్సు ఇచ్చి ఉన్నా సరే, పోతే పోయిందనుకుని వెనక్కి రండి.